గాలిలో ఒప్పుకున్న మాట

సోమవారం పొద్దున పూలషెడ్డు గేటు దగ్గర జనార్దన్ వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేసరికి నాగేందర్ తబ్బిబ్బయ్యాడు. రోజూ ఆ గేటు ముందు బండి ఆపుతాడు, భార్య పూర్ణిమ దిగి లోపలికి పోతుంది, అతను గేరు వేసి గచ్చిబౌలి దారి పడతాడు. జనార్దన్ ఆ షెడ్డుకు సూపర్‌వైజర్. గులాబీల బకెట్ల మధ్య తిరుగుతూ దూరం నుంచి తల ఊపడమే తప్ప, ఐదు నెలల్లో ఒక్కసారి కూడా గేటు దాటి రోడ్డు మీదికి వచ్చిన మనిషి కాదు.

“మంచి పని చేసినవ్ నాగేందరన్నా. ఇంట్ల మొగోళ్లు ఒప్పుకోక మా దగ్గర ఎంతమంది ఆగిపోయిన్రో. నువ్వు ఒక్క మాటకు ఒప్పుకున్నవంట గద,” అన్నాడు జనార్దన్.

నాగేందర్ హెల్మెట్ అద్దం పైకెత్తి పూర్ణిమ కోసం చూశాడు. ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని అప్పటికే లోపలికి నడుస్తోంది. నేనేం ఒప్పుకున్నానో నాకే తెలియదని ఏ మొగుడంటాడు? “అండ్ల ఏమున్నదన్నా,” అన్నాడు పెద్దమనిషిలాగా. అని, ఇంకో ప్రశ్న పడకముందే బండి తీశాడు.

మొయినాబాద్ దాటాడు. హిమాయత్‌సాగర్ వైపు రింగు రోడ్డు కోసం తవ్విన మట్టికుప్పలు దాటాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏం ఒప్పుకున్నట్టు? ఎప్పుడు ఒప్పుకున్నట్టు? ఎంత ఆలోచించినా గాలి తప్ప ఏమీ గుర్తు రాలేదు.

నాగేందర్ గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, భార్యను పనికి పంపడానికి నామోషీ పడలేదు, పైగా రోజూ చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా తన బండి మీదే దింపుతాడు. చిక్కల్లా ఆ పద్దెనిమిది కిలోమీటర్ల దగ్గరే ఉంది. వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తల్లి అంతమ్మ, వెనక గదిలో వీళ్లిద్దరూ, మధ్యలో ఆరేళ్ల పూజ. ఆ ఇంట్లో గుసగుసలాడినా అంతమ్మ చెవిన పడాల్సిందే. అందుకని పూర్ణిమ చెప్పుకోవాల్సినవన్నీ బండి మీదే చెప్పుకుంటుంది. పేరు పెట్టి పిలవదు, వాళ్లలో ఆడవాళ్లు మొగుణ్ని పేరుతో పిలవరు. భుజం తట్టదు. మార్కెట్ యార్డు దాటగానే, కాళ్లు ఒక పక్కకు వేసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే, ఉన్నట్టుండి మొదలుపెడుతుంది.

బండి అరవైకి తగ్గదు. తొమ్మిదింటికి అతను ఆఫీసులో కార్డు గీకాలి. అరవైలో హెల్మెట్ లోపల గాలి మోత రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఉంటుంది. వెనక నుంచి వచ్చేది మనిషి గొంతని తెలుస్తుంది, ఏమంటున్నదో తెలియదు. మొదటి వారం రెండుసార్లు “ఆఁ?” అని అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ వినపడలేదు. మూడోసారి అడగడం బాగుండదని “ఊ” అన్నాడు. చిన్నప్పుడు నాయనమ్మ కథలకు ఊ కొడుతూ పెరిగినవాడు, నోటికి అలవాటైన ముక్కే అది. దాంతో పని జరిగిపోయింది. ఆమె సంతోషంగానే తర్వాతి మాటకు పోయింది. ఆనాటి నుంచి అతను ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గొంతు ఆగితే ఒక ఊ. గొంతు పైకి లేచి ఆగితే కొంచెం సాగదీసిన ఊ. వీపు వెనక నవ్వు కదలిక తెలిస్తే తనూ నవ్వడం. ఈ మూడింటితో ఐదు నెలల సంసారం నడిపించాడు. ఇంకో ఐదేళ్లు కూడా నడిపేవాడే, జనార్దన్ వచ్చి చెయ్యి కలపకపోతే.

*

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాగేందర్ పని ఏసీ మెయింటెనెన్సు. కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్లకు చల్లగాలి రావాలి, కానీ వస్తున్నట్టు తెలియకూడదు. నాలుగో అంతస్తు మీటింగ్ రూములో గాలి గుయ్యిమంటున్నదని, అమెరికాతో ఫోన్లో మాట్లాడుతుంటే అడ్డమవుతున్నదని వారం నుంచి ఫిర్యాదు. ఆ రోజు నిచ్చెనెక్కి సీలింగ్ పలకలు తీసి, చల్లగాలి పోయే రేకు డక్టు లోపలంతా నల్ల ఫోము అంటించే పని పడింది. కింద నుంచి భిక్షపతి షీట్లు కోసి అందిస్తున్నాడు. భిక్షపతిది సురంగల్. డక్టు పనిలో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నవాడు, గాలి గురించి ఇంజనీర్ల కంటే ఎక్కువ తెలిసినవాడు.

మూడు సెంటీమీటర్ల ఫోము, అతుకుల మీద వెండి టేపు, మూలల్లో వంపు రేకు. ఎవరో నలుగురు ఫోన్లో మాట్లాడుకోవడానికి ఇంత హంగామా. తన నెత్తి మీది హెల్మెట్‌కు పేపరంత పలచటి స్పాంజి, అదీ ఊడిపోయి అట్టలా గట్టిపడింది. ఇన్నాళ్లూ ఆ ఆలోచనే రాలేదు. సాయంత్రం కోసేయగా మిగిలిన ముక్కలు రెండు సంచీలో వేసుకున్నాడు. దేనికని భిక్షపతి అడిగితే హెల్మెట్‌కన్నాడు.

ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. పూర్ణిమ ఐదున్నరకే షెడ్డు వ్యానులో వచ్చేసి ఉంటుంది. అంతమ్మ కంచం పెట్టిన తీరు చూస్తేనే ఏదో అయిందని తెలిసింది. కంచం నేలకు తగిలిన చప్పుడు వెనక గది దాకా పోయింది.

“నన్నొక్క మాట అడగకపోతివి గదరా,” అంది.

నాగేందర్ ముద్ద కలుపుతూ, దేనికవ్వా అనబోయి ఆగాడు. అంటే సంగతి బయటపడుతుంది. అడగాల్సింది అన్నాడు. ఇప్పుడన్నావు బాగుంది అని ఆమె లేచి వాకిట్లోకి పోయింది. అంతలో శంకర్‌పల్లి నుంచి మామ ఈశ్వరయ్య ఫోను. నీలాంటి అల్లుడు మా చుట్టాల్లో ఎవరికీ లేడు, పిల్ల భయపడుతూ అడిగితే వెంటనే ఒప్పుకున్నావట, అంటూ ఆయన ఏడ్చినంత పని చేశాడు. నాగేందర్ ఆ పొగడ్తంతా విని, ఉంట మామా అని పెట్టేశాడు. ఊళ్లో అందరికీ తెలిసింది. తెలియనిది ఒప్పుకున్నవాడికే.

పూజను ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాడు, అమ్మ ఏమన్నా చెప్పిందా అని. అమ్మ నాకు ఊగే గుర్రం తెస్తానన్నది అని చెప్పింది పూజ. ఊగే గుర్రానికీ మామ కంటతడికీ సంబంధం కుదరలేదు. ఫ్రిజ్జు కొంటున్నారా? పూజను హాస్టల్లో వేస్తున్నారా? వేరు కాపురమా? వేరు కాపురమన్న ఆలోచన రాగానే తల్లి విసురు దానికి సరిపోయినట్టు అనిపించింది.

పక్క వేస్తున్న పూర్ణిమతో, ఏమీ తెలియనట్టు కాకుండా అన్నీ తెలిసినట్టు, “అది ఎప్పుడంటివి?” అన్నాడు.

“ఆదివారం. చెప్పిన గద,” అంది ఆమె. దుప్పటి మడత సరిచేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అతను ఇంకేమైనా అడుగుతాడేమో అన్నట్టు చూసింది. అతను అడగలేదు. అడిగితే ఐదు నెలల ఊలన్నీ దొంగ ఊలని ఒప్పుకోవాలి. ఆదివారమే కదా, అవునవును, అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

*

మంగళవారం తెల్లవారగానే హెల్మెట్ లోపలి బట్ట ఊడదీసి, రెండు చెవుల దగ్గరా నల్ల ఫోము గుండ్రంగా కోసి అంటించాడు. అద్దం చుట్టూ ఉన్న సందుకు వెండి టేపు వేశాడు. పెట్టుకుంటే తల ఇరుకైంది, బుగ్గలు ముందుకు పొడుచుకొచ్చాయి. పూజ చూసి కిలకిల నవ్వింది. ఫర్వాలేదనుకున్నాడు. మార్కెట్ యార్డు దాటి, దామరగిద్ద దాటి అరవై అందుకున్నాడు. వడగళ్లు ఆగాయి. చెవుల్లో హాయిగా ఉంది. బాగా కుదిరిందని మురిసిపోయాడు. మీర్జాగూడ దగ్గర ఒక లారీ అంగుళాల దూరంలో పక్కనుంచి దూసుకుపోతే గానీ, దాని హారను కూడా తనకు వినపడలేదని తెలియలేదు. పూర్ణిమ అప్పటికి ఎంతసేపటి నుంచి మాట్లాడుతోందో. వెనక నుంచి ఇదివరకు వచ్చే గొంతు కూడా ఇప్పుడు లేదు. ఏ ఆగుడుకు ఊ అనాలో తెలియక ఫర్లాంగుకొకటి చొప్పున వేసుకుంటూ పోయాడు.

గేటు దగ్గర జనార్దన్ ఒక కాగితం ఇచ్చాడు. మధ్యాహ్నం, కంపెనీ మెట్ల కింద అన్నం తింటూ దాన్ని తీసి చదివాడు. నా భార్య పూర్ణిమ పూల గ్రేడింగు, అంటు కట్టడంలో ఆరు నెలల శిక్షణ కోసం హోసూరు తోటకు పోవుటకు, అక్కడి ఆడవాళ్ల హాస్టల్లో ఉండుటకు నాకు పూర్తి సమ్మతము. కింద చుక్కల గీత, గీత కింద ‘భర్త సంతకం’. శనివారం లోపల ఇవ్వాలి. ఆదివారం బస్సు.

రెండోసారి చదివాడు. ఆరు నెలలు. నల్లగా అచ్చు వేసి ఉంది. తాను ఒప్పుకున్నది ఇదన్నమాట. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు. ఆమె అడిగింది, తను ఊ అన్నాడు, ఇందులో ఆమె తప్పేముంది? అయినా ఆరు నెలలు. ఇల్లు, పూజ, తల్లి, పొద్దున వెనక బరువు లేని బండి. అన్నింటికన్నా ఎక్కువగా, ఇంత పెద్ద మాట తన వీపు మీద నుంచి గాలికి కొట్టుకుపోయి హిమాయత్‌సాగర్‌లో ఎక్కడో పడిందన్న దిగులు అతన్ని పట్టుకుంది.

ఆపడం సులువే. నాకు వినపడలేదు అంటే చాలు, ఒప్పందం చెల్లదు. కానీ ఆ ఒక్క ముక్కతో మిగతావన్నీ చెల్లకుండా పోతాయి. నా మాటలు ఎన్ని విన్నావు, ఎన్ని వినలేదు అని ఆమె అడిగితే ఒక్కటీ వినలేదు అనాలి. అది అనే కన్నా సంతకం పెట్టడం తేలిక. సంతకం పెట్టే కన్నా అది అనడం తేలిక. మధ్యాహ్నమంతా ఈ రెండింటి మధ్య తిరిగి, కంప్రెసర్‌కు తొడగాల్సిన బెల్టు తలకిందులుగా తొడిగాడు.

రాత్రి అన్నాల దగ్గర తల్లి మళ్లీ ఎత్తుకుంది. ఆమెకు లోకంలో జరిగేవన్నీ తెలుసు, చుక్కల గీత సంగతితో సహా.

“నీ దస్కతు లేనిదే పోనియ్యరంట. పెట్టకు. ఆగితే నీ మాటకే ఆగుతది,” అంది.

పూర్ణిమ పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతూ ఉంది. వినపడే దూరమే. తిరిగి చూడలేదు. ముళ్లు గుచ్చుకుని, రోజంతా చల్లటి నీళ్ల బకెట్లలో నాని తెల్లగా పాలిపోయిన వేళ్లను చీర కొంగుకు తుడుచుకుంది. నాగేందర్ తల్లి మొహం చూశాడు, కంచం చూశాడు, చూద్దాంలే అవ్వా అన్నాడు.

*

బుధవారానికి అతనికి ఒక ఉపాయం తట్టింది. ఇంకో నాలుగు రోజులుంది కదా, పూర్ణిమ బండి మీద హోసూరు మాట మళ్లీ ఎత్తకపోదు. ఎత్తినప్పుడు తనకు వినపడితే చాలు, ఆరు నెలలన్న ముక్క అప్పుడే విన్నట్టు బండి ఆపి, ఏంటి, ఆరు నెలలా, నేను నెలనుకున్నా అని గట్టిగా అనవచ్చు. పరువూ దక్కుతుంది, మనిషీ దక్కుతుంది. దానికి కావాల్సిందల్లా గాలి మోత తగ్గి, మాట మిగలడం.

డక్టు దగ్గర భిక్షపతిని అడిగాడు. మాట వినపడాలంటే చెవి దగ్గర ఫోము ఎందుకు పెట్టావని భిక్షపతి తిట్టాడు. గాలి లోపలికి వచ్చేది పక్కల నుంచి కాదు, గడ్డం కింద నుంచి, మెడ సందులో నుంచి. అక్కడ అడ్డం వేయాలి. చెవి దగ్గర కన్నం వదలాలి.

నాగేందర్ ఫోముకు చెవులంత కన్నాలు కోశాడు. గురువారం దస్తీని నాలుగు మడతలు పెట్టి మెడ చుట్టూ, గడ్డం కింద దాకా బిగించి కట్టుకున్నాడు. నిజంగానే తేడా తెలిసింది. బండి చైను వదులైందని అంతవరకూ తెలియదు, ఆ రోజు వినపడింది. వెనక గొంతు కూడా దగ్గరికి వచ్చింది. కనకమామిడి దాటాక ముక్కలు ముక్కలుగా అందింది. పసుపు రంగు. ఎవరో పిల్ల. దవాఖాన. నవ్వు. ఎవరు దవాఖానకు పోయారు, నవ్వెందుకు? మెడ వెనక్కి వంచాడు, అద్దం కొద్దిగా ఎత్తాడు. అద్దం ఎత్తగానే మళ్లీ వడగళ్లు.

ఆ సాయంత్రం మీటింగ్ రూములో అంత ఫోము వేసినా ఇంకా సన్నగా గుయ్యిమంటూనే ఉందని ఇంజనీరు వచ్చి చూశాడు. భిక్షపతి ప్యానెల్ దగ్గరికి పోయి ఫ్యాను వేగం తగ్గించాడు. గది నిశ్శబ్దమైపోయింది.

“వేగం దించితే సద్దు అదే సస్తది. ఫోముతోని అయ్యేది కొంతనే,” అన్నాడు నాగేందర్ వైపు చూసి.

అంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదని నాగేందర్ దారంతా తనను తాను తిట్టుకున్నాడు. శుక్రవారం ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరదీశాడు. ముప్పై ఐదు దాటనివ్వలేదు. సైకిళ్లు పక్కకు వస్తున్నాయి. గాలి దాదాపు లేదు. చెట్ల మీద పిట్టలు, పొలంలో మోటరు, పూర్ణిమ గాజుల చప్పుడు, అన్నీ వినపడుతున్నాయి. ఆమె మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా అతను చెవులు రిక్కించి కూర్చున్నాడు, ఆమె నోరు విప్పలేదు. ఐదు నెలల్లో అలాంటి రోజు లేదు. కోపమా? తెలిసిపోయిందా? లేక తనే ఏదో మాటకు ఊ అనకుండా పోయాడా? ఆ సాయంత్రం ఆమె సంచీ సర్దుతుంటే, పూజ దాంట్లో తన పలక పెట్టింది. పూర్ణిమ దాన్ని తీసి, మళ్లీ పెట్టుకుంది.

*

శనివారం కూడా ముప్పై ఐదే. కాగితం చొక్కా జేబులో ఉంది, చుక్కల గీత మీద ఏమీ రాయలేదు. ఇవాళ ఏదో ఒకటి తేలాలి.

దామరగిద్ద దాటాక పూర్ణిమ గొంతు సవరించుకుంది.

“బండి ఖరాబైందా? రెండు దినాల సంది గింత మెల్లగ పోతున్నవ్.”

ప్రతి అక్షరం వినపడింది. పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది. నాగేందర్‌కు ఎంత సంతోషమైందంటే, జవాబు ఆలోచించే లోపలే నోరు తన అలవాటు ప్రకారం “ఊ” అనేసింది. ఆమె చిన్నగా నవ్వింది. ఎప్పటిలాగే ఉన్నాడనుకుంది కాబోలు, ఇక ఆగలేదు.

“రేపు ఈ యాళ్లకు నేను బస్సుల ఉంట. అవ్వ నాతోటి మాట్లాడుతలేదు. నువ్వు గూడ మాట్లాడుతలేవు, కని నీది వేరే.” కొంచెం ఆగింది. అతను ఊ అనలేదు. అది కూడా ఆమె పట్టించుకోలేదు. “నీకు ఇనవడదని నాకు ఎర్కనే. దీపావళి ముంగట ఒకనాడు, మీ అవ్వ నన్ను కొట్టిందన్న. ఊ అన్నవ్. కొట్టలే, ఉత్తగనే అన్న. ఆ దినం చానా ఏడుపొచ్చింది. తర్వాత అదే మంచిగనిపించింది. నీ ఎనక కూసోని ఏమన్న చెప్పుకోవచ్చు, ఎవల్ని ఏమన్న అనొచ్చు.”

మీర్జాగూడ గేటు వచ్చింది, పోయింది. వేగం పెరగకుండా, తగ్గకుండా పట్టుకోవడం ఒక్కటే అప్పుడతను చేయగలుగుతున్న పని.

“హోసూరు సంగతి ఇంట్ల అడుగుదామనుకున్న. అడిగితే నువ్వు అవ్వ మొకం చూస్తవ్, ముచ్చట ఆడికే అయిపోతది. అందుకే ఈడ అడిగిన. ఊ అన్నవ్. ఆ ఊ పట్టుకొని అందరికి చెప్పిన. మోసమే. తప్పు చేసిననని తెల్సు. కని నువ్వు గచ్చిబౌలిల చేరినప్పుడు నన్ను ఎవలన్న దస్కతు అడిగిన్రా? జనార్దన్ సారు గూడ అదే తోటకు పోయొచ్చిండు, ఆయన భార్యను అడిగిన్రా? ఒక్కపారి బండి ఆపి, ఏమన్నవే అని అడుగుతవేమో అని చూసిన. సోమారం రాత్రి గూడ చూసిన. అడిగితే అన్ని చెప్తుండె. నువ్వు అడగకపోతివి.”

కనకమామిడి దాటారు. తర్వాత మామూలు గొంతుతో, తనలో తాను అనుకున్నట్టు, “పూజ జడ ఒక్కటే ఫికర్. అవ్వకు కండ్లు కనవడవు. నీకు ఎయ్యరాదు,” అంది.

నాగేందర్‌కు ముందు ఒళ్లు మండింది. తనను పట్టుకుని ఇంత ఆట ఆడిందా అనుకున్నాడు. ఇప్పుడే బండి ఆపి, నాకంతా వినపడింది అంటే ఆమె ఏమవుతుందో ఊహించుకున్నాడు. కాగితం చింపవచ్చు, ఎవరూ తప్పనరు, తల్లి మెచ్చుకుంటుంది. తోల్కట్ట వచ్చేసరికి ఆ మంట ఎటూ పోలేక అతని దగ్గరే మిగిలింది. మీ అవ్వ నన్ను కొట్టింది అని ఒక ఆడది వీపు వెనక అంటే, ఊ అన్నాడు తను. బహుశా సాగదీసిన ఊ. ఆ రోజు ఆమె దిగి, డబ్బా తీసుకుని, ఏడుపు మొహంతో లోపలికి పోయి ఉంటుంది. తను గేరు వేసి పోయి ఉంటాడు. ఆమె మోసం చేసింది ఒక్కసారి. తను రోజూ చేశాడు. సిగ్గుతో చెవులు కాలాయి, ఫోము కింద.

గేటు దగ్గర జనార్దన్ నిలబడి ఉన్నాడు. పూర్ణిమ దిగింది. కాగితం తెచ్చావా అన్నా అని అడిగాడు జనార్దన్. నాగేందర్ జేబులోంచి తీశాడు. ఖాళీ గీత పూర్ణిమ కంటపడింది. ఆమె మొహం చిన్నబోయింది, డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఇదే జరుగుతుందని ఆమెకు ముందే తెలుసునన్నట్టు ఉంది ఆ నిలబడటం.

నాగేందర్ బండి స్టాండు వేశాడు. దస్తీ విప్పాడు. హెల్మెట్ తీశాడు. ఆ గేటు ముందు అతను హెల్మెట్ తీయడం అదే మొదలు.

“ఇది దేనికో నాకు తెల్వదు సార్,” అన్నాడు. “ఐదు నెలల సంది ఎనక కూసోని ఆమె ఏం చెప్తుందో నాకు ఒక్కటి ఇనవడలే. గాలికి. సిగ్గయ్యి ఇనవడ్డట్టు ఊ అన్న. ఆమెకు తెల్వదు.”

జనార్దన్ హాస్యమనుకుని నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానేశాడు. పూర్ణిమ తల ఎత్తింది.

“ఇయ్యాల గూడ ఇనవడలేదా?” అంది.

“ఇయ్యాల గూడ.”

రోడ్డు పక్క గడ్డి పరక కదలడం లేదు. ఆమె అతని కళ్లలోకి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు, అది అతనికి చాలా కష్టమైంది.

“ఇప్పుడు చెప్పు. ఇంటున్న,” అన్నాడు.

వీపుకు ఎన్నో చెప్పిన మనిషికి మొహానికి చెప్పడం రాలేదు. షెడ్డులోకి పోతున్న ఆడవాళ్లిద్దరు గేటు దగ్గర నెమ్మదించారు. “హోసూరు. ఆరు నెలలు. ఆడ నేర్చుకొని వస్తే ఈడ గ్రేడింగుకు నన్నే పెడ్తరు. నీళ్లల్ల చేతులు పెట్టే పని ఉండది,” అంది. ఆగి, “నాకు పోవాలనున్నది,” అంది.

అతను ఊ అనలేదు. “పో. అవ్వతోటి నేను మాట్లాడ్త,” అన్నాడు. కాగితాన్ని బండి ట్యాంకు మీద పరిచి, జనార్దన్ పెన్నుతో సంతకం పెట్టాడు. ట్యాంకు వంపు మీద అక్షరాలు వంకరపోయాయి. జనార్దన్ కాగితం తీసుకుని, తనకు అక్కడ పని లేదన్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

నాగేందర్ హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. చాలా ఆలస్యమైంది. గుండె మీది బరువు దిగి, నోరు తేలికైంది.

“పూజకు జడ ఎట్ల ఎయ్యాల్నో రేపు జర చూపెట్టు. నాకు ఎయ్యరాదు గద,” అన్నాడు.

అన్నాక గానీ ఆ మాట తను ఎక్కడ విన్నాడో గుర్తు రాలేదు. పూర్ణిమకు అంతకు ముందే అర్థమైంది. మొహం ఎర్రబడింది. అతని చేతిలోని హెల్మెట్ లోపల నల్లగా కనిపిస్తున్న ఫోము, దానికి కోసిన రెండు కన్నాలు చూసింది, మెడ కింద వేలాడుతున్న దస్తీ చూసింది. ఏదో అడగబోయింది. అడగలేదు.

“బస్సు ఏడింటికి. ఐదింటికి లేస్తే చూపెడ్త,” అంది, మామూలు గొంతుతో. డబ్బా పట్టుకుని లోపలికి పోయింది.